నాడె బయట ఉన్నంతకాలం

మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, వీపు మీది సంచి కూడా దించకుండా నా మంచం వెనక దూరి కూర్చుంది. మెడలో ఎర్రటి తాడు, తాడుకు అరచేయంత ప్లాస్టిక్ అట్ట. ఏమిటే అది అని అడిగితే ఏడుపు. వాళ్ళ క్లాసులో బాత్రూముకు పోయేవాళ్ళు ఆ అట్టను మెడలో వేసుకుని పోవాలట. తిరిగి వచ్చి దాన్ని గోడకు తగిలించేదాకా ఇంకొకరు బయటికి పోకూడదట. ఒకటో క్లాసు మొదలై వారమే అయింది. ఈ వారమంతా వాళ్ళ మిస్ పుస్తకమే తెరవలేదు. చెప్పులు ఎక్కడ విడవాలి, సంచి ఎక్కడ పెట్టాలి, మాట్లాడాలనుకుంటే ఏం చేయాలి, ఇవే నేర్పుతూ ఉంది. మా పిల్ల ఆఖరి పీరియడ్లో అట్ట వేసుకుని బయటికి పోయింది. ఇంతలో బెల్లు కొట్టారు. అది అలాగే వ్యాను ఎక్కేసింది.

"మిస్ తిడతారు అవ్వా. నేను రేపు పోను."

మా కోడలు చిత్తూరు పక్క పిల్ల. వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "వారం కాలేదు, అప్పుడే ఇదా? రేపు పొద్దున్నే పోయి, చేతులు కట్టుకొని సారీ చెప్పు."

"సారీ ఎందుకు చెప్పేది?" అన్నాను. "బయటికి పోయినాది. ఇంకా తిరిగి పోలే. అంతే కదా."

"అత్తా, మీరు గమ్మునుండండి. బడి రూల్సు మీకు తెలీవు."

కోడలు మంచిది. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది తనే. ఆ మాట కూడా నొప్పించాలని అన్నది కాదు. అయినా నాకు రోషం వచ్చింది. నాకు చాలాకాలం అక్షరాలు తెలియవు, నిజమే. బడి రూల్సు తెలియవంటే మాత్రం ఒప్పుకోను. నాకు తెలిసినంత బాగా ఈ రాజపాళయంలో ఎవరికీ తెలియవని పందెం కాస్తాను. అందుకే ఇది రాస్తున్నాను.

*

మా ఊరు తమిళనాడులో, రాజపాళయం నుంచి సత్రపట్టికి పోయే దారిలో ఉంటుంది. పడమట కొండ, కొండ కింద మామిడి తోటలు, ఇటు నల్లరేగడిలో పత్తి. ఊరి చివర ఒక వీధి నేతగాళ్ళది. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే పలచటి గుడ్డ వాళ్ళే నేసేవాళ్ళు. ఆ వీధిలోంచి నడిస్తే రెండు పక్కలా మగ్గాల చప్పుడు, గంజి వాసన. వీధి దాటగానే పెంకుల కప్పు వేసిన పొడవాటి గది ఒకటి. అదే బడి. ముందర వరండా, వెనక చింతచెట్టు.

ఇళ్ళలో మేము తెలుగు మాట్లాడేవాళ్ళం, బడిలో తమిళం. బడి అని పేరే కానీ లోపల సంతలా ఉండేది. ముసలి వాద్దియారు, అంటే అయ్యవారు, కుర్చీలో కునికేవాడు. ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు లేచి పోయేవాళ్ళు. నా వయసు ఆడపిల్లలం మాత్రం గోడ బయట కూర్చునేవాళ్ళం, ఎందుకంటే మా చంకల్లో తమ్ముళ్ళో చెల్లెళ్ళో ఉండేవాళ్ళు. అమ్మలు చేలల్లో ఉంటే చంటిపిల్లల్ని మోసే పని మాది. పిల్లలు ఏడుస్తారని వాద్దియారు మమ్మల్ని గడప తొక్కనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం బడిలో ఇచ్చే ఉప్మా కోసం గోడకు ఆనుకుని ఎదురుచూసేవాళ్ళం. గోధుమరవ్వ ఉడికే వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు చంక బరువెక్కుతుంది.

ఆ వాద్దియారు పోయి ఒక టీచరమ్మ వచ్చింది. తిరునెల్వేలి పక్కనుంచి. పొట్టి మనిషి, మోకాటి దాకా వచ్చే గొడుగు, పౌడరు వాసన. తెలుగు ఒక్క ముక్క రాదు. మొదటి రోజే బయటికి వచ్చి మమ్మల్ని చూసి తమిళంలో ఏదో అడిగింది. ఎందుకు బయట కూర్చున్నారని. మాలో ఒకతె జవాబుగా చంకలోని పిల్లను ఎత్తి చూపించింది.

మర్నాడు ఆమె రెండు పాత నూలు చీరలు తెచ్చి వరండా దూలాలకు ఉయ్యాలలు కట్టింది. చంటిపిల్లల్ని వాటిలో వేయించి, మమ్మల్ని లోపలికి రమ్మంది. ఒకతెను మాత్రం వరండాలో ఉయ్యాలలు ఊపమని కూర్చోబెట్టింది. ఆ పిల్ల బోరుమంది. రోజూ తనే బయట ఉండాలని అనుకుంది.

నాకు ఎక్కడినుంచి ధైర్యం వచ్చిందో తెలియదు. "వంతు పెట్టండి," అన్నాను, "మా బాయికాడ పెట్టినట్టు."

ఆమెకు అర్థం కాలేదు. నా పక్కన నేతగాళ్ళ పిల్ల ఉండేది. ఇంట్లో తమిళం, మాతో ఆడుకుని ఆడుకుని తెలుగు కూడా వచ్చు. అది చెప్పింది. మా ఊళ్ళో ఒక బావి నీళ్ళు నాలుగైదు ఇళ్ళవాళ్ళు పంచుకుంటారు. ఒకరి చేనుకు పారినాక ఇంకొకరికి. గడియారం లేదు. బావి మీది కొయ్యస్తంభం నీడ నాటిన రాయిని తాకితే ఒకరి వంతు అయిపోయినట్టు. తరువాతి వాళ్ళు కాలువ తిప్పుకుంటారు. నీడ తాకకముందు ఒక్క చేద నీళ్ళు కూడా ఎవరూ ఇటు మళ్ళించరు.

టీచరమ్మ విని సుద్దముక్క తీసుకుని వరండాలోకి వచ్చింది. స్తంభం నీడ చూసింది. "ఎక్కడ గీయాలి?" అని సైగతో నన్నే అడిగింది. నేను వేలు పెట్టి చూపించిన చోటల్లా ఆమె వంగి గీత గీసింది. నా మాట విని ఒక పెద్దమనిషి వంగడం నేను అదే మొదలు చూడడం.

ఆ రోజు నుంచి నీడ ఒక గీత దాటితే ఉయ్యాలల దగ్గరున్న పిల్ల లోపలికి, లోపలున్న పిల్ల బయటికి. ఎవరూ ఎవరినీ పిలవనక్కర లేదు. మబ్బు పట్టిన రోజున మాత్రం పెద్ద రగడ. అప్పుడు నూలు మిల్లు సంగు, అంటే సైరను, మోగడాన్ని బట్టి మారేవాళ్ళం.

*

ఆ తరువాత చాలా రోజులు ఆమె ఒక్క అక్షరం కూడా చెప్పలేదు. చెప్పిందల్లా ఎలా మసలుకోవాలన్నదే.

పొద్దున తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కోవాలి, రేగడి మట్టి గదిలోకి రాకూడదు. ముందు వచ్చినవాళ్ళు ముందు కూర్చోవాలి. పలక తుడవడానికి ఉమ్ము వాడకూడదు, దొండాకు వాడాలి. కంచె మీద పాకిన దొండ తీగనుంచి ఆకులు కోసి తెచ్చే వంతు రోజుకొకరిది. ఆ ఆకు నలిపితే పచ్చి వాసన వచ్చేది, తుడిచిన పలక నల్లగా మెరిసేది. రాయడానికి ఏమీ లేకపోయినా పలక తుడవడమంటే మాకు పండగ. కుండ దగ్గర నీళ్ళు తాగడానికి వరుసలో నిలబడాలి. వరుసలో ఏ వీధి పిల్ల ముందు, ఏ వీధి పిల్ల వెనక అన్న లెక్క లేదు. ముందు వచ్చినవాళ్ళే ముందు. దీనికి ఊళ్ళో గొణిగినవాళ్ళున్నారు. ఆమె వినిపించుకోలేదు.

అన్నిటికన్నా కష్టమైంది బయటికి పోయేవాళ్ళను అదుపు చేయడం. ఒకరు లేస్తే పదిమంది లేచేవాళ్ళు, చింతచెట్టు కిందికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. నేతగాళ్ళ పిల్ల వాళ్ళ నాన్నను అడిగి ఒక పాత నాడె తెచ్చింది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే కొయ్య. చిన్న పడవలా ఉంటుంది, రెండు కొనలకూ ఇనుప ముక్కులు. దీనికి ఒక ముక్కు ఊడిపోయింది, నేతకు పనికిరాదు. టీచరమ్మ దానికి తాడు కట్టి గుమ్మం పక్కన మేకుకు తగిలించింది.

బయటికి పోవాలంటే ఆ నాడె తీసుకోవాలి. తీసుకుని, గుమ్మంలో నిలబడి, "పోయొస్తాను టీచర్" అనాలి. ఆమె "పోయిరా" అంటుంది. తిరిగి వచ్చి, నాడె మేకుకు తగిలించి, "వచ్చినాను టీచర్" అనాలి. ఆమె "కూచో" అంటుంది. అప్పుడే కూర్చోవాలి. నాడె బయట ఉన్నంతసేపు, ఉయ్యాలల వంతు మారడానికి తప్ప, ఎవరూ గడప దాటకూడదు. మాకు తమిళం రాదని ఆ రెండు మాటలూ ఆమె మా దగ్గర తెలుగులోనే నేర్చుకుంది. "పోతాను" అంటే ఒప్పుకునేది కాదు. మన ఇళ్ళల్లో కూడా గడప దగ్గర ఎవరూ పోతాను అనరు కదా. పోయొస్తాను అనాలి.

ఆమె కూడా బయటికి పోవాలంటే నాడె తీసుకునే పోయేది. ఒకసారి ఒక చిన్నపిల్ల నాడె పట్టుకుపోయి ఎంతకూ రాలేదు. టీచరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ ఉంది. మేము పావడ కొసలు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆమె కూడా నవ్వింది కానీ గడప మాత్రం దాటలేదు.

ఊళ్ళో ఇది పెద్ద వేళాకోళమైంది. మా అరుగు మీద తాత, ఆయన సావాసగాళ్ళు వక్కాకు నములుతూ ఇదే మాట.

"నెల దాటినాది. పిల్లోళ్ళకి ఒక అక్షరం రాలే. లేసేది, కూచునేది, వరసన నిలబడేది. ఇది మన ఎద్దులకే వచ్చునే!" అన్నాడు తాత.

"నీ ఎద్దుకి వచ్చునా? నిన్న నా చేలో పడి పత్తంతా తొక్కినాది, దాన్ని కూడా పంపించు పళ్ళికూడానికి."

సావాసగాళ్ళు గొల్లుమన్నారు. నేను తలుపు చాటున నవ్వితే, తాత నా వైపు తిరిగి కళ్ళు పెద్దవి చేశాడు.

నేను ఊరుకోలేదు. బడిలో నేర్చింది ఇంట్లో పెట్టాలని పూనుకున్నాను. మా ఇంట్లో మగవాళ్ళు ముందు తింటారు, తరువాత మగపిల్లలు, ఆ తరువాత మిగిలింది మేము. ఒకరోజు సద్ద సంకటి దించే వేళకు నేను కాళ్ళూ చేతులూ కడుక్కుని అందరికన్నా ముందు పొయ్యి దగ్గర నిలబడ్డాను. వెనక వచ్చిన అన్నలను నా వెనక నిలబడమన్నాను. వాళ్ళు ఆటనుకుని నిలబడ్డారు. తాత కూడా వచ్చి, ఏమిటో అర్థం కాక, వాళ్ళ వెనక నిలబడ్డాడు.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, గరిటె ఎత్తి అలాగే ఆగిపోయింది. "ఏంమే, ఏంది ఇది?"

"ముందు వచ్చినోళ్ళకే ముందు. అది రూలు."

"ఎవురింటి రూలు?"

"పళ్ళికూడం రూలు."

"నీ పళ్ళికూడంలో సంకటి ఎవురు గెలికినారు?" అంది అవ్వ. తాతను ముందుకు పిలిచింది. నన్ను రెక్క పట్టి పక్కకు లాగింది. మరునాడు నేను మళ్ళీ ముందే నిలబడ్డాను. మళ్ళీ లాగింది. నీళ్ళు కావాలంటే బడిలో నేర్పినట్టు వేలు ఎత్తి కూర్చునేదాన్ని, ఎవరూ చూసేవాళ్ళు కాదు. "పైన ఏమన్నా ఉండాదా, కప్పుకేసి చూపిస్తా ఉండావు?" అని అవ్వ కప్పును చూసేది. ఇల్లంతా నవ్వేది. నేను వేలు దించేదాన్ని కాదు.

అవ్వ చెడ్డది అని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆమె కూడా ఒక రూలు మనిషే. నీళ్ళ వంతు దగ్గర ఊరంతటికీ ఆమె మాటే తీర్పు. సొంత తమ్ముడు నీడ తాకకముందే కాలువ తిప్పితే, పార పట్టుకుని కాలువలో నిలబడి, "నీడ తాకినాక రా" అని వెనక్కి పంపిన మనిషి. చేనుకు వంతు ఉంటుందని తెలుసు. ఆడపిల్లకు వంతు ఉంటుందని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

*

పత్తి పగిలింది. చేలు తెల్లబడితే మా ఊళ్ళో చేయి కలిగిన ప్రతివాళ్ళూ ఒడి కట్టుకుని దిగాలి. సరిగ్గా ఆ వారమే టీచరమ్మ అక్షరాలు మొదలుపెట్టింది. మేము గదిలో గీత గీసినట్టు కూర్చుని ఉన్నాం, ఉయ్యాలలు వాటి పాటికి ఊగుతున్నాయి. ఆమె నల్లబల్ల మీద తమిళ 'అ' రాసింది. అంత నిశ్శబ్దంలో ఆ సుద్ద చప్పుడు నాకు గుర్తుంది. నెల రోజులు లేపి కూర్చోబెట్టింది ఈ నిశ్శబ్దం కోసమేనని నాకు అప్పుడు తెలిసింది. తాతకు తెలియలేదు.

మధ్యాహ్నం ఉప్మా తిన్నాక, నేను పలక మీద 'అ' సున్న చుట్టి కింది తోకకు వచ్చేసరికి గుమ్మంలో నీడ పడింది. అవ్వ. కొంగు నడుముకు దోపి ఉంది, చేతిలో నా కోసం తెచ్చిన ఒడిగుడ్డ.

"లేయ్ మే. పత్తి నేల రాలతా ఉండాది. పలక ఆడ పెట్టి రా."

గది అంతా నన్ను చూసింది. నేను లేవలేదు. టీచరమ్మ సుద్ద పక్కన పెట్టి గుమ్మం దగ్గరికి పోయింది. ఆమె తమిళం, అవ్వ తెలుగు. ఒకరి మాట ఒకరికి సగమే అందుతుంది.

"పిల్ల చదువుకుంటోంది," అంది టీచరమ్మ.

"చదువుకోని. పత్తయినాక పంపిస్తాను."

"పంపిస్తారా?"

అవ్వ చేతిలోని ఒడిగుడ్డ దులిపింది. నిజం మాకందరికీ తెలుసు. పత్తి తరువాత మిరప, మిరప తరువాత కొత్త చంటిపిల్ల. పత్తికని పోయిన ఆడపిల్ల బడికి తిరిగి వచ్చింది మా ఊళ్ళో ఎవరూ చూడలేదు.

టీచరమ్మ చేతులు చాపి అడ్డం నిలబడలేదు. మేకు వైపు చూసింది. మేకుకు నాడె లేదు. నేతగాళ్ళ పిల్ల అప్పుడే తీసుకుపోయింది. "మీ పిల్ల, మీరు తీసుకుపోండి. నేను ఆపలేను," అంది. "కానీ ఈ గదిలో ఒక వంతు ఉంది. నాడె బయట ఉంటే ఎవరూ గడప దాటరు. నేను కూడా దాటను. అది వచ్చాక తీసుకుపోండి."

ముందు వరసలోని ఒక చిన్నపిల్ల తెలుగులో అరిచింది: "అవును అవ్వా! బాయికాడ మాదిరే! నీడ తాకాల!"

అవ్వ గడప మీద కాలు పెట్టబోయి ఆగింది. వంతు అన్న మాట ఆమె కాలిని పట్టుకుంది. కాలు వెనక్కి తీసుకుంది. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, రొంటినుంచి వక్కాకు తీసింది. "వస్తాది కదా. ఎంతసేపు ఉంటాది?"

గోడ వెనకనుంచి నేతగాళ్ళ పిల్ల ఇదంతా విన్నదని మాకు తరువాత తెలిసింది. అది నాడె మెడలో వేసుకుని చింతచెట్టు ఎక్కి కొమ్మల్లో కూర్చుంది. నీడ ఒక గీత దాటింది. అవ్వ వక్కాకు ఉమ్మింది. లోపల టీచరమ్మ మళ్ళీ సుద్ద తీసుకుంది. "రాయి," అని నాతో అంది. నేను తోక గీశాను. అది వంకరగా వచ్చింది, దొండాకుతో తుడిచి మళ్ళీ రాశాను. బయటనుంచి అవ్వ గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఆ పిల్లకి కడుపు చెడిందా ఏంది? ఇంతసేపు ఎవురన్నా కూచుంటారా?"

ఉయ్యాలలో మా తమ్ముడు లేచి ఏడిచాడు. ఆ గీత వంతుకు ఉయ్యాలల దగ్గరున్న పిల్ల ఊపబోతే, అవ్వే వాడిని ఎత్తుకుని ఒళ్ళో వేసుకుంది. నేను ఆ మధ్యాహ్నమంతా రాశాను. పలక నిండా 'అ'. తుడిస్తే మళ్ళీ పలక నిండా. ఇంటి బెల్లు కొట్టేదాకా నాడె రాలేదు. బెల్లు కొట్టాక చింతచెట్టు మీదినుంచి నేతగాళ్ళ పిల్ల దిగింది, మోకాళ్ళు గీసుకుపోయి, జడలో చింతాకులతో. అవ్వ దాన్ని కిందికీ మీదికీ చూసింది.

"నీ ఆటేందో నాకు తెలిసినాదిలే," అంది. నన్ను చేయి పట్టుకుని నడిపించుకుపోయింది.

తెల్లారి నన్ను నేరుగా చేనుకు పొమ్మన్నారు. ఒడిగుడ్డ నడుముకు కట్టారు. నేను వాకిట్లో నిలబడిపోయాను.

"చెప్పకుండా రాను."

"ఎవురికి చెప్పాల?"

"టీచరమ్మకి. నువ్వు నీళ్ళు ఇడిసిపెట్టేటప్పుడు పక్కోళ్ళకి చెప్పకుండా వస్తావా? నాది కూడా వంతే. చెప్పి ఇడిసిపెడతాను."

అమ్మ నా వీపు మీద ఒకటి చరిచింది. నాయన ఎద్దుల వైపు తిరిగాడు. అవ్వ మాత్రం "సరి, రా," అంది.

బడి మొదలైపోయింది. అవ్వ వరండా కింద నిలబడింది. నేను తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కున్నాను, రూలు ప్రకారం. లోపలికి పోయి నా చోట కూర్చోలేదు. నేరుగా మేకు దగ్గరికి పోయాను. నాడె ఉంది. దాన్ని తీసి మెడలో వేసుకున్నాను. ఒడిగుడ్డ మీదికి వేలాడింది. గుమ్మంలో నిలబడి, ఊరంతా వినిపించేటట్టు అన్నాను:

"పోయొస్తాను టీచర్."

టీచరమ్మ నా మెడలోని నాడెను చూసింది, నా నడుముకున్న ఒడిని చూసింది. అది తీసుకుంటే ఇక మిగతావాళ్ళకు నాడె ఉండదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆమె కళ్ళు తడిసినాయో లేదో నేను చూడలేదు. నా కళ్ళు తడవకుండా చూసుకోవడంతోనే సరిపోయింది.

"పోయిరా," అంది.

నేను గడప దాటాను. బడి మానిపించారని ఊళ్ళో అనుకున్నారు. అనుకోనీ. నేను మానలేదు. నేను బయటికి పోయాను, అడిగి పోయాను, నాడె నా దగ్గర ఉంది.

ఆ ఏడాదంతా టీచరమ్మ పొద్దున పేర్లు పిలిచేటప్పుడు నా పేరు కూడా పిలిచేదట. పిల్లలందరూ ఒక్క గొంతుతో "బయటికి పోయినాది టీచర్!" అనేవాళ్ళట. నేతగాళ్ళ పిల్ల చేలగట్టు మీద నిలబడి నాకు చెప్పేది. అది ఇంకో పాత నాడె తెచ్చి ఇచ్చిందట. టీచరమ్మ దాన్ని ఇంకో మేకు కొట్టి తగిలించిందట. నా మేకు ఖాళీగానే ఉంచిందట. మరుసటి ఏడు ఆమెకు వేరే ఊరికి బదిలీ వచ్చింది. తరువాత ఎక్కడుందో తెలియదు.

*

నాడె నాతోనే పెళ్ళికి వచ్చింది, ట్రంకుపెట్టెలో పట్టుచీర కింద. మా అత్తగారు దాన్ని పొయ్యిలో పెట్టబోతే చేయి పట్టుకున్నాను. మిల్లులో పని చేసిన ఏళ్ళల్లో వంటింటి గోడకు వేలాడేది. మిల్లులో కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు నీళ్ళ కుండ దగ్గర, బాత్రూము దగ్గర వరుస పెట్టింది నేనే. గట్టిగా మాట్లాడేవాళ్ళు ముందు దూరితే వెనక్కి పంపేదాన్ని. నా ఇంట్లో ఎవరు ముందు వస్తే వాళ్ళే ముందు తిన్నారు. మా ఆయన మొదట్లో అలిగాడు, తరువాత కాళ్ళు కడుక్కుని ముందుగా రావడం నేర్చుకున్నాడు. పిల్లలు పుట్టారు, పెరిగారు. వాళ్ళ పలకల మీద అక్షరాలు నాకు చీమల బారుల్లా ఉండేవి, ఒక్క 'అ' తప్ప. 'అ' ఎక్కడున్నా గుర్తుపట్టేదాన్ని. బస్సు మీద, గోడ మీద, సోడా సీసా మీద. అందరూ "పాపం, చదువు లేదు" అనేవాళ్ళు. నేను నవ్వుకునేదాన్ని. వాళ్ళకు తెలియదు, నా నాడె ఇంకా బయటే ఉందని.

జుట్టు తెల్లబడినాక, మా ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్తారని కబురు వచ్చింది. ఎక్కడని అడిగితే, ఆ పాత బడి గదిలోనే అన్నారు. పెంకులు పోయి రేకులు వచ్చాయి, గోడలకు నీలం రంగు. వరండా స్తంభం అదే. చెప్పేది మా అమ్మాయి కన్నా చిన్న పిల్ల. నేను ఒక చేత్తో నాడె, ఇంకో చేత్తో సుత్తి పట్టుకుని పోయాను. మేకు లేదు. గుమ్మం పక్కన నేనే ఒకటి కొట్టాను.

"పాటీ, ఏం చేస్తున్నారు? గోడ పాడవుతుంది!" అంది ఆ పిల్ల తమిళంలో. పాటీ అంటే అవ్వ.

నేను నాడె తగిలించాను. చెప్పాను: "వచ్చినాను టీచర్."

ఆమెకు ఆ మాట తెలియదు. తెలియాలని కూడా లేదు. నేను నిలబడే ఉన్నాను. మిగతా ఆడవాళ్ళు కూర్చున్నారు, పలకలు తీశారు, నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి విసుగొచ్చి, "ఉక్కారుంగ పాటీ," అంది, కూర్చోండి అని.

అప్పుడు కూర్చున్నాను. 'అ' తరువాతి అక్షరం ఏమిటని అడిగాను.

*

ఇదంతా మంచం మీద పడుకుని మనవరాలికి చెప్పాను. కోడలు గుమ్మంలో నిలబడి విన్నది. మరునాడు పిల్లను బడికి నేనే తీసుకుపోయాను, ఆటోలో. క్లాసు గుమ్మంలోనే వాళ్ళ మిస్ ఎదురైంది. చిన్న వయసు, చీరకు అంటిన సుద్ద పొడి, అలసిపోయిన ముఖం. మొదటి వారమంటే ఎంత కష్టమో నాకు తెలుసు.

"నిన్న సాయంత్రమంతా ఆ అట్ట కోసం వెతికినాము పాపా! పాటీ, సారీ చెప్పమని చెప్పండి."

మనవరాలు నా కొంగు పట్టుకుంది. నేను ఆ పిడికిలి విప్పించాను.

"సారీ లేదమ్మా," అన్నాను, తమిళంలోనే, మెత్తగానే. "మీరు నేర్పిన రూలు ప్రకారమే బయటికి పోయింది. ఇప్పుడు తిరిగి వచ్చింది."

పిల్ల లోపలికి పోయింది. కాళ్ళ మునివేళ్ళ మీద నిలబడి, మెడలోంచి అట్ట తీసి, గోడకు తగిలించింది. ఇటు తిరిగింది. నన్ను చూసింది. నేను గడప అవతల నిలబడి ఉన్నాను.

"వచ్చినాను మిస్."

మిస్ నా వైపు చూసింది, గేటు వైపు చూసింది. పెద్దవాళ్ళు వరండాలో ఉండకూడదట, బెల్లు కొడతారట. కొట్టనీ. ఆ ఒక్క మాట వినేదాకా నేను కదిలే మనిషిని కాను.

"సరి," అంది మిస్. "సిట్."

మనవరాలు పోయి తన చోట కూర్చుంది.